సెలోపెహాదు కుమార్తెలు, బొగ్గుబాయి మస్టరు: సంఖ్యాకాండము 27, 36 అధ్యాయములపై ఒక విమర్శనాత్మక పఠనము

ఉపోద్ఘాతము

సెలోపెహాదు కుమార్తెల వృత్తాంతము మన సంఘాల్లో ఎక్కువగా స్త్రీల మైత్రి ఆదివారమునాడు వినిపిస్తుంది. ప్రసంగము సాధారణంగా ఒకే దారిలో నడుస్తుంది. అయిదుగురు అక్కచెల్లెళ్లు ధైర్యముగా అడిగారు, దేవుడు ఇచ్చాడు, కాబట్టి మనమును విశ్వాసముతో అడుగుదము. ఈ బోధలో తప్పు లేదు. అయితే ఇది సంఖ్యాకాండము 27వ అధ్యాయము దగ్గరే ఆగిపోతుంది. అదే గ్రంథము చివరి అధ్యాయములో ఆ తీర్పునకు ఒక షరతు చేరింది. యెహోషువ 17వ అధ్యాయములో అదే స్త్రీలు మరల వచ్చి అడగవలసి వచ్చింది. ఈ మూడు భాగములను కలిపి చదవనప్పుడు వాక్యము చెప్పేదానిలో సగమే మనకు వినబడుతుంది.

గోదావరిఖని, రామగుండము వంటి బొగ్గు ప్రాంతములో పరిచర్య చేసే కాపరికి ఆ సగము చాలదు. ఇక్కడి కార్మిక కుటుంబాల్లో వారసత్వమంటే మొదట గుర్తుకు వచ్చేది భూమి కాదు, సింగరేణి ఉద్యోగము. తండ్రి బాయిలో చనిపోయినా, మెడికల్ అన్‌ఫిట్ అయినా, ఆ కొలువు ఎవరికి అనే ప్రశ్న ఇంట్లో మొదలై పెద్దమనుషుల దాకా పోతుంది. ఒక్కొక్కసారి కాపరి ముందుకు కూడా వస్తుంది. కొడుకా, భార్యా, అల్లుడా, కూతురా? అక్కడ కాపరి చెప్పే మాట మీద ఒక ఆడపిల్ల జీవితకాలపు జీతము ఆధారపడి ఉండవచ్చు. ఆ మాటకు వాక్యాధారము ఏమిటో పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

1. పట్టికలో లేని పేర్లు

27వ అధ్యాయమును 26వ అధ్యాయము నుండి విడదీసి చదవకూడదు. 26వ అధ్యాయము మోయాబు మైదానములలో జరిగిన రెండవ జనసంఖ్య. ఇరువది ఏండ్లు మొదలుకొని యుద్ధమునకు పోగల పురుషులను మాత్రమే అందులో లెక్కించారు (26:2). తరువాత ఆ పేర్ల లెక్కచొప్పుననే దేశమును పంచవలెనని ఆజ్ఞ వచ్చింది (26:52–54). అనగా పట్టికలో పేరు ఉంటే పాలు ఉంటుంది, పేరు లేకపోతే పాలు లేదు. సెలోపెహాదుకు కుమారులు లేరనీ కుమార్తెలే ఉన్నారనీ ఆ పట్టికయే ఒప్పుకొని వారి పేర్లు వ్రాసింది (26:33). మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. పేర్లు వ్రాయబడ్డాయి గాని లెక్కలోనికి రాలేదు.

బొగ్గు ప్రాంతపు విశ్వాసికి ఇది వెంటనే అర్థమవుతుంది. కార్మికుని బ్రతుకంతా మస్టర్ల మీదనే నడుస్తుంది. 2025 వరకు అమలులో ఉన్న 1952 గనుల చట్టము ప్రకారము వేతనముతో కూడిన వార్షిక సెలవు రావాలంటే భూగర్భములో పనిచేసేవారికి ఏడాదికి 190 హాజరులు, ఉపరితలములో పనిచేసేవారికి 240 హాజరులు ఉండవలసి ఉండేది. మస్టరు పడితేనే మనిషి పని చేసినట్లు. ఇంటి దగ్గర నీళ్లు పట్టి, సద్ది కట్టి, మూడు షిఫ్టుల మనిషికి మూడు వేళలా వండి పెట్టిన ఆమె పనికి ఏ పుస్తకములోను మస్టరు లేదు.

ఈ అయిదుగురు ఎక్కడ నిలబడ్డారో గమనించాలి. వారు ఇంట్లో ప్రార్థన చేసి ఊరుకోలేదు. ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద, మోషే ఎదుట, యాజకుడైన ఎలియాజరు ఎదుట, ప్రధానుల ఎదుట, సర్వసమాజము ఎదుట నిలిచారు (27:2). ఇది బహిరంగ వ్యాజ్యము. వారి వాదన కూడా పద్ధతిగా ఉంది. తమ తండ్రి కోరహు పక్షమున తిరుగుబాటు చేసినవాడు కాదని ముందుగా చెప్పారు. అనగా ఆయన హక్కు కోల్పోవలసిన నేరమేదీ లేదు. కుమారులు లేరన్న ఒక్క కారణమున ఆయన పేరు వంశములో ఎందుకు తగ్గిపోవాలని తరువాత అడిగారు. ఆ పిమ్మట తమకు స్వాస్థ్యము ఇమ్మన్నారు. మోషే తనంతట తాను తీర్పు చెప్పలేదు, వారి సంగతి దేవుని సన్నిధికి తీసుకొనిపోయాడు. తనకు తెలిసిన ధర్మశాస్త్రములో దీనికి జవాబు లేదని ఒప్పుకొనుట ఆ నాయకుని గొప్పతనము. వారు న్యాయముగానే మాట్లాడుచున్నారని దేవుడు చెప్పాడు.

ఒక పరిమితిని కూడా దాచకూడదు. వారు అడిగినది తండ్రి పేరు నిలుచుట కొరకు. దొరికిన హక్కు కూడా కుమారుడు లేనప్పుడు మాత్రమే కుమార్తెకు వర్తిస్తుంది (27:8). ఇది స్త్రీపురుష సమానత్వమును గూర్చిన సంపూర్ణ శాసనము అని చెబితే పాఠ్యభాగమునకు లేనిది అంటగట్టినట్లవుతుంది. ఇది మూసి ఉన్న పట్టికలో మొదటిసారి పడిన ఒక సందు.

2. కంచె వేసిన అధ్యాయము

36వ అధ్యాయములో గిలాదు కుటుంబముల పెద్దలు మోషే యొద్దకు వచ్చారు. ఈ స్త్రీలు వేరొక గోత్రము వారిని పెండ్లి చేసికొంటే భూమి ఆ గోత్రమునకు పోతుంది, సునాద సంవత్సరము కూడా దానిని వెనుకకు తేలేదు అని వారి భయము. ఆ భయము కల్పితము కాదు. గోత్రపు భూమి తరిగిపోతే బీదలకే ముందుగా నష్టము. కాబట్టి పెద్దలను దుష్టులుగా చిత్రించనవసరము లేదు.

అయినను హెబ్రీ పాఠములో మూడు విషయములు గమనించదగినవి. మొదటిది, కుమార్తెలు తండ్రి పేరు తగ్గిపోకూడదని చెప్పుటకు వాడిన 'గారా' అను క్రియనే (27:4) పెద్దలు భూమి తగ్గిపోకూడదని చెప్పుటకు వాడారు (36:3–4). స్త్రీలు హక్కు అడుగుటకు వాడిన మాటయే ఆ హక్కుకు హద్దు వేయుటకు తిరిగి వచ్చింది. రెండవది, కుమార్తెల మాట సరియని చెప్పిన 'కేన్' అను పదమే యోసేపు పుత్రుల మాటను గూర్చియు వచ్చింది (36:5). అయితే 27లో మోషే దేవుని యొద్దకు పోవుట, దేవుడు స్వయముగా పలుకుట వివరించబడింది. 36లో మోషే దేవుని సెలవుచొప్పున ఆజ్ఞాపించాడని మాత్రమే ఉంది. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఆ రెండవ సభలో గుడారపు ద్వారము లేదు, సర్వసమాజము లేదు, ఆ అయిదుగురు స్త్రీలు లేరు. వారి పెండ్లిని గూర్చి తీర్మానము జరిగింది గాని వారి మాట ఒక్కటి కూడా వ్రాయబడలేదు. చివరకు వారు తమ తండ్రి సహోదరుల కుమారులను పెండ్లాడారు (36:11). 1 దినవృత్తాంతములు 7:15 నాటికి సెలోపెహాదు పేరు నిలిచింది, కుమార్తెల పేర్లు మాయమైనవి.

హక్కు ఇచ్చుట ఒక సంగతి. ఇచ్చిన హక్కు చుట్టూ కంచె వేసేటప్పుడు హక్కుదారు ఆ గదిలో ఉన్నదా అనుట మరొక సంగతి. ఈ రెండవ ప్రశ్ననే మన ప్రసంగాలు విడిచిపెడుతున్నాయి.

3. కూతురు, అల్లుడు

ఇప్పుడు మన ప్రాంతపు పాఠ్యమును అదే కన్నుతో చదువుదము. సింగరేణితో సహా బొగ్గు సంస్థలు అమలు చేసే జాతీయ బొగ్గు వేతన ఒప్పందములో ఆధారపడినవారు ఎవరు అనుటకు ఒక నిర్వచనము ఉంది. మొదటి వరుసలో భార్య లేక భర్త, పెండ్లి కాని కుమార్తె, కుమారుడు, దత్త కుమారుడు. వీరెవరూ లేనప్పుడు రెండవ వరుసలో సోదరుడు, విధవరాలైన కుమార్తె, విధవరాలైన కోడలు, కార్మికుని ఇంటనే ఉండి ఆయన మీదనే ఆధారపడిన అల్లుడు. మన భాషలో చెప్పాలంటే ఇల్లరికపు అల్లుడు.

పెండ్లి కాని కుమార్తెకు చోటిచ్చినది ఒక విధముగా 27వ అధ్యాయము. అయితే ఆమె మెడలో తాళి పడగానే పట్టిక నుండి జారిపోతుంది. మరల కనబడాలంటే భర్త చనిపోవాలి. ఆమె ఉన్న ఇంట్లోనే ఆమె భర్తకు చోటు ఉంది, ఆమెకు లేదు. ఆ అల్లుడు ఎవరి ద్వారా అల్లుడయ్యాడు? 2016లో సింగరేణిలో ప్రకటించిన వారసత్వ ఉద్యోగ పథకములో ఇది ఇంకా స్పష్టముగా కనబడింది. అర్హులుగా పేర్కొన్నది కుమారుడు, అల్లుడు, తమ్ముడు. కుమార్తె లేదు. ఆ పథకమును 2017లో హైకోర్టు కొట్టివేసింది. దానికి కారణము ఉద్యోగాలలో అందరికీ సమాన అవకాశము అను రాజ్యాంగ సూత్రమే గాని కుమార్తెల సంగతి కాదు. ఆ తరువాత అనారోగ్యముతో అన్‌ఫిట్ అయినవారి కుటుంబాలకు కారుణ్య నియామకములు జరిగాయి.

పెండ్లి అయిన కుమార్తెను మినహాయించుట సమానత్వమునకు విరుద్ధమని 2016లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఒక బొగ్గు సంస్థ కేసులో తీర్పు ఇచ్చింది. అంటే మోయాబు మైదానములలో అడిగిన ప్రశ్ననే మన కాలములోను ఒక కుమార్తె న్యాయస్థానపు ద్వారమునొద్ద నిలిచి అడగవలసి వచ్చింది.

4. నాయకత్వమునకు మెట్టు ఎక్కడ ఉంది?

ఉద్యోగము దొరికిన తరువాత నాయకత్వము సంగతి వస్తుంది. 1952 గనుల చట్టము 46వ సెక్షను స్త్రీలను భూగర్భములో నియమించుటను నిషేధించింది. ఉపరితలములో ఉదయము 6 నుండి సాయంత్రము 7 వరకు మాత్రమే అనుమతించింది. దీని ఫలితము కూలి పని దగ్గరే ఆగలేదు. భూగర్భ గనిలో సర్దార్, ఓవర్‌మన్, అండర్ మేనేజర్, మేనేజర్ అను ప్రతి మెట్టుకు చట్టబద్ధమైన సర్టిఫికెటు కావాలి. ఆ సర్టిఫికెటుకు భూగర్భ అనుభవము కావాలి. దిగనివ్వకపోతే అనుభవము లేదు, అనుభవము లేకపోతే సర్టిఫికెటు లేదు, సర్టిఫికెటు లేకపోతే ఆజ్ఞాపించే అధికారము లేదు. స్త్రీకి నాయకత్వ లక్షణములు లేవని ఎవరూ వ్రాయలేదు, వ్రాయనవసరము లేకపోయింది. కింది మెట్టు తీసివేస్తే పై మెట్టును గూర్చి వాదించే పని ఉండదు.

2019లో కేంద్ర ప్రభుత్వము మినహాయింపు ఇచ్చింది. ఓపెన్‌కాస్ట్ గనుల్లో రాత్రి పనికి, భూగర్భములో ఉదయము 6 నుండి సాయంత్రము 7 మధ్య సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు స్త్రీలను వారి లిఖితపూర్వక అంగీకారముతో నియమించవచ్చు, ఒక షిఫ్టులో ముగ్గురికి తక్కువ కాకుండా ఉండాలి అను షరతులు పెట్టింది. ద్వారము తెరువబడింది. అయితే ఇక్కడను కంచె జరిగి మరొక చోట నిలిచింది. ఇంజనీరు చదువుకున్న స్త్రీ దిగవచ్చు, మజ్దూరు స్త్రీ దిగరాదు.

ఫలితము లేకపోలేదు. 2021లో హిందుస్థాన్ జింక్ సంస్థ ఇద్దరు స్త్రీలను భూగర్భ గని మేనేజర్లుగా నియమించింది. దేశములో ఇది మొదటిసారి. వారిలో ఒకరైన సంధ్య రసకట్ల భూపాలపల్లి సింగరేణి కార్మికుని కుమార్తె. అదే సంవత్సరము ఆకాంక్ష కుమారి కోల్ ఇండియా భూగర్భ గనిలో మొదటి మహిళా మైనింగ్ ఇంజనీరుగా జార్ఖండ్‌లోని చూరీ గనిలో చేరింది. సింగరేణి కూడా 2025లో మహిళలకు గని రెస్క్యూ శిక్షణ ఇచ్చింది, భారీ యంత్రముల ఆపరేటర్ల పనికి మహిళా ఉద్యోగులను పిలిచింది. మన బొగ్గు ప్రాంతపు బిడ్డ భూగర్భ గనికి మేనేజరైనది రాజస్థాన్‌లో అని గుర్తుంచుకోవాలి. సంతోషించదగిన విషయమే, ఆలోచించదగినది కూడా.

2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ స్త్రీలు అన్ని సంస్థలలో అన్ని రకముల పనులకు అర్హులని చెప్పింది. రాత్రి పనికి వారి అంగీకారము, భద్రత షరతులుగా ఉన్నాయి. కాగితము మీద కంచె తొలగినది. అయితే కాంట్రాక్టు కింద ఊడ్చే స్త్రీకి ఈ అంగీకారము నిజముగా అంగీకారమేనా? రాత్రి షిఫ్టు వద్దంటే రేపు పని ఉంటుందా? హక్కు కాగితము నుండి మస్టరులోనికి రావలసి ఉంది.

5. ఒక అభ్యంతరము

బాయి ప్రమాదకరమైన చోటు కదా, స్త్రీని అక్కడకు పంపుట న్యాయమా అని ఒక మంచి మనస్సుగల కాపరి అడుగవచ్చు. ఈ ప్రశ్నను తేలికగా తీసివేయకూడదు. నిషేధమునకు వెనుక స్త్రీలను హింసించే ఉద్దేశము లేదు. గనుల్లో తల్లులు, బిడ్డలు పడిన బాధ చూసి సంస్కర్తలు కోరిన రక్షణ అది. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక కూడా అదే దారిలో వచ్చింది. 2024లో ఆ సంస్థయే దానిని రద్దు చేసింది.

ఇక్కడ అంబేడ్కర్‌ను తలచుకొనుట మంచిది. యుద్ధకాలములో 1943లో బ్రిటిషు ఇండియా బొగ్గు గనుల్లో స్త్రీల భూగర్భ పనిపై నిషేధమును సడలించినప్పుడు ఆయన వైస్రాయి కౌన్సిలులో కార్మిక సభ్యుడు. 1944 ఫిబ్రవరిలో శాసనసభలో దానిపై విమర్శ వచ్చింది. ఇది అత్యవసర ఏర్పాటేనని ఒప్పుకొంటూనే, అదే పనికి స్త్రీకి పురుషునితో సమానమైన కూలి అను సూత్రమును ఆయన ముందుకు తెచ్చాడు. 1946లో నిషేధము తిరిగి వచ్చింది. ప్రమాదమును గూర్చి మాట్లాడినవారు అనేకులు. కూలిని గూర్చి కూడా మాట్లాడినవాడు ఆయన.

2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు. స్త్రీలపై నిషేధము ఆ పురుషులను కాపాడలేదు. ఆ ఇళ్లలోని స్త్రీలను కూడా కాపాడలేదు, ప్రమాదము వారి గడప దాకా వచ్చింది. బాయి మనిషిని చంపేదిగా ఉంటే దానిని బాగుచేయవలెను గాని, సగము మందిని బయట నిలబెట్టి మిగిలిన సగమును లోపలికి పంపుట రక్షణ కాదు. స్త్రీ దిగవలెనంటే గాలి, నీరు, మరుగుదొడ్డి, వెలుతురు, రవాణా కావాలి అంటారు. ఇవి పురుషునికి అక్కరలేనివా?

6. మరల జ్ఞాపకము చేయుట

యెహోషువ 17:3–4లో అవే అయిదు పేర్లు మరల వినబడతాయి. మోషే లేడు. దేశము పంచుతున్నారు. ఆ స్త్రీలు ఎలియాజరు, యెహోషువ, ప్రధానుల ఎదుటికి వచ్చి దేవుడు మోషేకు ఇచ్చిన ఆజ్ఞను జ్ఞాపకము చేశారు. అప్పుడు వారికి పాలు ఇచ్చారు. దేవుడే పలికిన తీర్పు కూడా ఎవరైనా వచ్చి గుర్తుచేసేవరకు నేల మీదికి దిగలేదు. చట్టము వచ్చింది కదా, ఇక సంఘమునకు పని ఏమున్నది అనువారికి ఇదే జవాబు.

ఈ జ్ఞాపకము చేయుట కాపరి ఇంటింటి పరిచర్యలోనే మొదలుకావాలి. డిపెండెంటు ఉద్యోగము పంచాయితీలో కాపరి కూర్చున్నప్పుడు మూడు పనులు చేయవచ్చు. మొదట, కుమార్తె ఆ గదిలో ఉన్నదా అని చూడాలి, లేకపోతే పిలిపించాలి. రెండవది, ఆమెకు నిబంధనల ప్రకారము ఏమి హక్కు ఉన్నదో యూనియను వారినో, న్యాయవాదినో అడిగి ఆమెకే చెప్పాలి. మూడవది, పెండ్లి కుదుర్చుటకు ఉద్యోగమును కట్నముగా వాడుకొను మాటకు సాక్షిగా నిలువకూడదు. కూతురి పాలు అల్లుని పేరు మీదికి పోవునట్లు ప్రార్థన చేసి ఆశీర్వదించుట సుళువు. ఆ ఆశీర్వాదము 36వ అధ్యాయపు సభలాంటిది. ఎవరి గూర్చి తీర్మానమో ఆమె అక్కడ లేదు.

7. మన మస్టరు

బొగ్గు సంస్థను విమర్శించిన కలము మన సంఘపు పట్టిక దగ్గర ఆగిపోకూడదు. తెలుగు సంఘ చరిత్రలో బైబిలు స్త్రీలు పల్లె పల్లెకు నడిచి వాక్యము చెప్పారు, చదువు నేర్పారు, రోగులను చూశారు. వారి కష్టము మీద సంఘములు నిలిచాయి, అయినను సంఘ నిర్ణయములు చేసే వరుసలో వారికి చోటు లేదు. దక్షిణ ఇండియా సంఘము 1970లలోనే స్త్రీల అభిషేకమునకు ద్వారము తెరిచింది. నంద్యాల అధ్యక్ష మండలమునకు ఇ. పుష్పలలిత బిషప్పుగా అభిషేకింపబడినది 2013లో. ఈ రెండింటి మధ్య ఒక తరము గడిచిపోయింది.

ఆలస్యమునకు కారణము వెదకితే గనిలో చూసిన మెట్ల సంగతే ఇక్కడను కనబడుతుంది. ఆదివారపు ప్రసంగము ఇవ్వకపోతే ప్రసంగ అనుభవము లేదు. పాస్టరేటు కమిటీలో కూర్చోనివ్వకపోతే పరిపాలన అనుభవము లేదు. తరువాత అనుభవము గలవారు దొరకుట లేదని మనమే అంటాము. వేదాంత కళాశాలలో చదివిన సహోదరి సండే స్కూలుకు, స్త్రీల కూటమునకు మాత్రమే పంపబడితే ఆమె ఉపరితలములోనే మస్టరు వేయుచున్నదని అర్థము. నెలకొక ఆదివారము ప్రధాన ఆరాధనలో వాక్యము, బల్ల పరిచర్యలో పాలు, లెక్కల పుస్తకముపై సంతకము — ఈ మూడు ఇచ్చిన సంఘములో పదేండ్లకు నాయకురాలిని వెదకనవసరము ఉండదు.

ముగింపు

బైబిలులో గని పనిని విస్తారముగా వర్ణించిన అధ్యాయము ఒకటి ఉంది. అది యోబు 28. మనుష్యులు చీకటికి హద్దు వేసి, ఎవరి పాదమును ఎరుగని చోట వ్రేలాడుచు లోహమును వెదకుట అక్కడ కనబడుతుంది. అదే గ్రంథము ముగింపులో యోబు కుమార్తెలకు వారి సహోదరులతోపాటు స్వాస్థ్యము ఇచ్చాడని చదువుతాము (42:15). అక్కడ కుమారులు లేరు కాబట్టి అను షరతు లేదు. కుమారులు ఏడుగురు ఉన్నారు. పెండ్లిని గూర్చిన కంచె లేదు. ఆ భాగములో కుమారుల పేర్లు వ్రాయబడలేదు, యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అను కుమార్తెల పేర్లు వ్రాయబడ్డాయి. కష్టము లోతు వరకు దిగి వచ్చిన తండ్రి ఇట్లు పంచాడు.

సెలోపెహాదు కుమార్తెలు అడిగి తెచ్చుకొనినది యోబు అడగక మునుపే ఇచ్చాడు. బొగ్గుబాయి నీడలో పరిచర్య చేసే మనము ఈ రెండు కథలలో దేనిని నమూనాగా తీసికొనుచున్నామో, ఈసారి డిపెండెంటు కాగితము మన ముందుకు వచ్చిన దినమున తెలియును.